సినిమా చూసిన దగ్గర్నుంచి వాడికి నిద్ర లేదు, నాకేమో ఏడుపే రాలేదు

గుణుపూర్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. నాలుగు పేజీలు రాశారు. అందులో ముఖ్యమైన సంగతులు ముందు చెబుతాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. పుట్టిల్లు పాతపట్నం దగ్గర ఒక పల్లె. పెళ్లయి ఒడిశా వచ్చి పద్నాలుగేళ్లయింది. భర్తకు మొబైల్ రిపేరు షాపు ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. ఒక్కడే కొడుకు, తొమ్మిదేళ్లు, ఒడియా మీడియంలో నాలుగో తరగతి. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. మామగారు రెండేళ్ల కిందట నోటి కేన్సర్‌తో పోయారు. ఆదివారం మందిరానికి వెళ్లడం తప్పని కుటుంబం.

మొన్న గుడ్ ఫ్రైడే ముందురోజు రాత్రి మందిరం ఆవరణలో తెర కట్టి, యేసు సిలువ మరణం మీద తీసిన ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ సినిమా వేశారు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కాపీ అది. కింద తెలుగు అక్షరాలు వస్తున్నాయి. పిల్లలందర్నీ ముందు వరసలో చాపల మీద కూర్చోబెట్టారు. కొరడా దెబ్బలు మొదలవగానే ఈమెకు కడుపులో తిప్పింది. లేచి వచ్చి బయట కుళాయి దగ్గర నిలబడ్డారు, అయిపోయేదాకా మళ్లీ లోపలికి వెళ్లలేదు. కొడుకు మాత్రం కదలకుండా చివరిదాకా చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. పాస్టరుగారు వాణ్ణి దగ్గరికి తీసుకుని, ‘ఈ పసివాణ్ణి ఆత్మ తాకింది’ అని అందరి ముందూ ప్రార్థన చేశారు. నాయనమ్మ మురిసిపోయింది.

ఇది జరిగి మూడు వారాలైంది. నాలుగేళ్ల కిందట మానేసినవాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు. పెరట్లో మునగచెట్టు మీద కాకి వాలితే బయటికి రాడు. ఒక రాత్రి అమ్మ చెవిలో చెప్పాడట: “షాపు గల్లాలోంచి పది రూపాయలు తీశానమ్మా. అందుకే ఆయన్ని అలా కొట్టారు.” నాయనమ్మేమో “పసివాడికున్న హృదయం కన్నతల్లికి లేకపోయింది, రాతిగుండె” అని వచ్చినవాళ్లందరితో అంటోంది. మే నెల సభల్లో వాడిచేత సాక్ష్యం (దేవుడు తనను ఎలా తాకాడో అందరి ముందూ చెప్పడం) చెప్పించాలని పాస్టరుగారు అడిగారు. భర్త “నాలుగు రోజులుపోతే వాడే మర్చిపోతాడు, నువ్వు టెన్షన్ పడకు” అని షాపుకి వెళ్లిపోతారు. ఈమెకు లోపల ఇంకో బాధ. చిన్నప్పుడు ఊళ్లో ప్రొజెక్టర్ పెట్టి ‘కరుణామయుడు’ వేస్తే వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి తాను. ఇప్పుడు ఏడుపు రాలేదంటే విశ్వాసం ఎండిపోయినట్టేనా? పిల్లాణ్ణి సభకి పంపాలా, వద్దా?

చివరి పేజీ అంచున, వేరే సిరాతో ఒక్క వాక్యం ఉంది: “మా నాన్న తాగొచ్చి అమ్మని బెల్టుతో కొట్టేవాడండి, ఆ చప్పుడు నాకు తెలుసు.”

ఈ వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ అబ్బాయి సంగతి చూద్దాం.

అమ్మా, మీరు మాటవరసకు రాసిన ఒక వివరం నన్ను పట్టుకుంది. సినిమాకు కింద వచ్చినవి తెలుగు అక్షరాలు. మీవాడు చదివేది ఒడియా. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు కదా? ఆ సినిమాలో మనుషులు మాట్లాడేది అరామిక్, లాటిన్, హీబ్రూ. అంటే రెండు గంటలపాటు వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘తండ్రీ, వీరిని క్షమించు’ అన్న మాట వాడి దాకా చేరలేదు. పక్కనున్న దొంగతో ఆయన చెప్పిన ఆదరణ మాటా చేరలేదు. వాడికి చేరింది దెబ్బలూ, రక్తమూ, అరుపులూ. పెద్దవాళ్లు క్షమాపణ గురించిన సినిమా చూశామనుకుంటూ ఇంటికి వెళ్లారు. అదే చోట కూర్చుని వాడు చూసింది ఒక మనిషిని ఎందుకో కొట్టి కొట్టి చంపిన సినిమా. ఆ దర్శకుడు మెల్ గిబ్సన్ మొదట కింద అక్షరాలే వద్దనుకున్నాడు, బొమ్మే అంతా చెప్పాలని. మీవాడి విషయంలో ఆయన కోరిక పూర్తిగా తీరింది పాపం.

2004లో విడుదలైనప్పుడు అమెరికాలో ఆ సినిమాకు ఇచ్చిన సర్టిఫికెట్టు ప్రకారం పదిహేడేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా చూడకూడదు. మరుసటేడు దర్శకుడే ఐదు నిమిషాలదాకా హింస తగ్గించి మళ్లీ విడుదల చేశాడు. మీ ఊళ్లో తెచ్చినవాళ్లకు ఇవేవీ తెలిసి ఉండవు. దేవుడి సినిమా కదా, పిల్లలే ముందు కూర్చోవాలి అనుకుని ఉంటారు. దాన్ని దుర్మార్గం అనను. కానీ పొరపాటు జరిగింది, దాని ఫలితం మీ ఇంట్లో రోజూ దుప్పటి ఉతికిస్తోంది.

ఇక ఆ కాకి. సిలువ మీద ఎగతాళి చేసిన దొంగ కన్ను కాకి పొడిచే సీను ఒకటుంది. మీవాడు పట్టుకున్నది అదే. నేను చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని. క్రైస్తవురాలిని కాకపోయినా అప్పటి బైబిల్ ఇంకా నా అలమరలో ఉంది. మీ ఉత్తరం చదివాక తీసి చూశాను. యేసు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆ కాకి లేదు. యేసును పట్టిచ్చిన యూదాను తరిమే దయ్యం మొహాల పిల్లలూ లేరు, కొరడా దెబ్బల మధ్య వికారమైన బిడ్డను ఎత్తుకుని తిరిగే ఆకారమూ లేదు. కొన్ని దృశ్యాలు ఎమ్మెరిక్ అనే జర్మన్ సన్యాసిని పేరు మీద 1833లో అచ్చయిన దర్శనాల పుస్తకం నుంచి తీసుకున్నవి, కొన్ని దర్శకుడి సొంత ఊహలు. అసలు ఆ కొరడా దెబ్బలే మత్తయి సువార్తలో ‘కొరడాలతో కొట్టించి’ అని రెండు మాటల్లో అయిపోతాయి. లూకాలోనైతే శిక్షించి వదిలేస్తానని రోమా అధికారి పిలాతు అనడమే ఉంది. రాసినవాళ్లు ఎంచుకుని క్లుప్తంగా చెప్పి వదిలేసిన చోట సినిమా నిమిషాల తరబడి నిలబడింది.

కాబట్టి నాకు తోచిన మొదటి పని ఇది. ఒడియా బైబిల్ ఒకటి తెచ్చి లూకా 23వ అధ్యాయం వాడిచేతే చదివించండి. (ఒడియా కొత్త నిబంధన 1809లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయింది, మన తెలుగుది 1818లో. ఈ విషయంలో వాళ్లే ముందు!) పగటిపూట చదివించండి, రాత్రి వద్దు. “ఇందులో కాకి ఎక్కడుందో వెతుకు” అని వాడికే పని అప్పజెప్పండి. లేదని వాడు కనుక్కోవాలి. మీరు చెబితే ఓదార్పు మాట అనుకుంటాడు, వాడు కనుక్కుంటే వాడి సొంతం అవుతుంది. అప్పుడు అడగండి, మరి కాకిని ఎవరు పెట్టారు అని. సినిమావాళ్లు పెట్టారు. రక్తం ఎవరు పెట్టారు? మేకప్‌వాళ్లు గంటల తరబడి కూర్చుని పూశారు. ఆ పనికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. వేషం అంటే అర్థం కాని పిల్లాడు మీ వైపు ఉండడు. గంజాం వైపు ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడి కడుపు చీలుతుంటే పిల్లలు అమ్మ కొంగులో దూరతారు. తెల్లారాక ఆ హిరణ్యకశిపుడే బడ్డీ దగ్గర బీడీ కాలుస్తూ కనిపిస్తే భయం దానంతటదే దిగిపోతుంది. ఆ తెర మీది మనిషిని మీవాడికి ఎవరూ అలా మామూలుగా చూపించలేదు. అలాగని సినిమా ముక్కల్ని ఫోన్లో మళ్లీ చూపించకండి. మాటలు చాలు.

పది రూపాయల సంగతి ఇంకా ముఖ్యం, దాన్ని దీంతో కలపకండి. ‘మన పాపాల కోసం’ అన్న మాట పెద్దవాడు వినేటప్పుడు ఆ మాట చుట్టూ ఒక జీవితం ఉంటుంది. తొమ్మిదేళ్లవాడికి ఉన్నది ఒక్క పది రూపాయల నోటు. వాడు లెక్కగట్టి చూసుకున్నాడు: నా తప్పు ఇది, ఆయనకు పడ్డ దెబ్బలు అవి. ఆ లెక్క మోయడం ఏ పిల్లాడి వల్లా కాదు. వాళ్ల నాన్నకు ముందే చెప్పి ఉంచి, వాడిచేత ఆ పది రూపాయలు గల్లాలో వేయించండి. నాన్న కోప్పడకుండా “సరే, ఇంకెప్పుడూ అడక్కుండా తీయకు” అని అక్కడితో ఆపాలి. పది రూపాయల తప్పు పది రూపాయల దగ్గరే తీరిపోవడం వాడు కళ్లారా చూడాలి. సిలువ అర్థం ఏమిటో పదేళ్లు ఆగి వాడే మిమ్మల్ని అడుగుతాడు, లేదా పాస్టరుగారిని అడుగుతాడు. తొందరేం లేదు.

పక్క తడపడం గురించి వాణ్ణి ఏమీ అనకండి, నాయనమ్మనూ అననివ్వకండి. పడుకునే ముందు దీపం ఒకటి వెలగనివ్వండి. ఇలాంటి భయాలు చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో సర్దుకుంటాయి, ఆ మేరకు మీవారు అన్నది తప్పు కాదు. కానీ మూడు వారాలు అప్పుడే అయిపోయాయి. ఇంకో పది, పదిహేను రోజుల్లో తగ్గకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా ఆగకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా చూపించాలంటే బరంపురంలో ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందని ఎవరైనా అంటారేమోనని వెనకాడతారని తెలుసు. కడుపునొప్పికి వెళ్లామని చెప్పండి, ఎవరూ ప్రిస్క్రిప్షన్ చూపించమని అడగరు.

ఇప్పుడు మీ అత్తయ్య దగ్గరికి వద్దాం. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, మీకు వచ్చినా తప్పు లేదు. రెండేళ్ల కిందట ఆ ఇంట్లో ఒక మనిషి నోరు తెరవలేక, మింగలేక పోయాడు. ఆ నెలలన్నీ పక్కన కూర్చుని చూసింది ఆవిడ. తెర మీద ఒక తల్లి ఏమీ చేయలేక కొడుకు పక్కన నడుస్తుంటే ఆవిడకు ఏం కనిపించి ఉంటుందో ఊహించండి. బాధ వృథా కాదని, దానికీ ఒక అర్థం ఉందని ఆ సినిమా ఆవిడకు చెప్పింది. ఆ రాత్రి ఆవిడ ఏడ్చింది మీ మామయ్య కోసం కూడా అని నా అనుమానం. అందుకే ఆ ఏడుపును ఎవరూ తేలిక చేయకూడదు, మీరూ చేయొద్దు.

ఆ సినిమాలో సిలువ మోస్తూ ఆయన పడిపోయినప్పుడు, చిన్నప్పుడు ఇలాగే పడితే పరుగెత్తుకెళ్లిన రోజు తల్లికి గుర్తొస్తుంది. నేనూ అక్కడే ఏడ్చాను. మళ్లీ చూస్తే మళ్లీ ఏడుస్తాను. అది భక్తి అని నేను చెప్పుకోలేను, ఆ దర్శకుడికి తల్లుల సంగతి తెలుసు, అంతే. కెమెరా ఎక్కడ పెట్టాలో, ఎక్కడ నెమ్మది చేయాలో, ఏ చప్పుడు పెంచాలో తెలిసినవాడు మనల్ని ఏడిపించగలడు. కన్నీళ్లు నిజమైనవే. కానీ అవి వచ్చినంత మాత్రాన లోపల ఆత్మ పని చేసిందనీ, రానంత మాత్రాన చేయలేదనీ కొలవడం కుదరదు. మీరు చిన్నప్పుడు చూసిన ‘కరుణామయుడు’ 1978 నాటిది. విజయచందర్ సిలువ మోసుకెళ్తుంటే ‘కదిలిందీ కరుణరథం’ పాట వస్తుంది. పాట మనిషిని పట్టుకుని ఏడిపించి, మళ్లీ నెమ్మదిగా కింద దించుతుంది. మీరు ఇంటికెళ్లి అన్నం తిని పడుకుని ఉంటారు. మొన్నటి సినిమాలో దించేవాళ్లు లేరు.

ఇక ఆ పేజీ అంచు. మీకు ఏడుపు రాకపోవడానికి కారణం మీరే రాశారు. దాన్ని అంచులో ఎందుకు రాశారో నాకు అర్థమవుతుంది. ఆ చప్పుడు మీకు సినిమా చప్పుడు కాదు. మిగతావాళ్లకు అది రెండు వేల ఏళ్ల కిందటి రోమా సైనికుడి కొరడా. మీకు మీ ఇంటి వాకిట్లో బెల్టు. మీ కాళ్లు మీకంటే ముందే గుర్తుపట్టి మిమ్మల్ని బయటికి తీసుకొచ్చేశాయి. చిన్నప్పుడు అమ్మ మీద దెబ్బ పడుతుంటే ఎక్కడికి పరుగెత్తేవారో నాకు తెలియదు. ఈసారి కుళాయి దగ్గర నిలబడ్డారు. దానికి రాతిగుండె అని పేరు పెట్టడం అన్యాయం. ఈ సంగతి మీవారికి తెలుసా? ఉత్తరంలో రాయలేదు. తెలియకపోతే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే ఆయన ‘నాలుగు రోజులుపోతే’ అనడం మానేసి కూర్చుని వినొచ్చు, పుట్టింటి పరువు ఏమవుతుందోనన్న భయం మీకు పట్టుకోనూ వచ్చు. చెప్పకపోతే పరువు నిలుస్తుంది, మోసే బరువు మీ ఒక్కరిదే అవుతుంది. అదే 14416కి మీ కోసం కూడా ఫోన్ చేయొచ్చని మాత్రం గుర్తుపెట్టుకోండి.

లూకా 23వ అధ్యాయం అబ్బాయిచేత చదివించమన్నాను కదా, 49వ వచనం మీరు చూడండి. గలిలయ నుంచి వెంట వచ్చిన స్త్రీలు ‘దూరముగా నిలుచుండి’ అని ఉంటుంది. సిలువ కిందకి వచ్చి ఏడవలేదేమని వాళ్లను ఆ పుస్తకంలో ఎవరూ అడగలేదు. సమాధి దగ్గరికి మొదట వెళ్లినది కూడా వాళ్లే. ఈ వచనాన్ని అత్తయ్య మీద విసరడానికి వాడకండి. అది మీ కోసం.

సాక్ష్యం సంగతి చూద్దాం. ‘పంపను’ అని ముఖం మీద చెప్పేస్తే పిల్లాడికి మంచిదే, కానీ మీకు కష్టం. చిన్న ఊళ్లో మందిరం అంటే ప్రార్థన ఒక్కటే కాదు. రేపు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రక్తం ఇచ్చేదీ, మీ మామయ్య పోయినప్పుడు గొయ్యి తవ్వించిందీ వాళ్లే. ఆ తలుపు మూసుకోవడం తేలిక కాదు. పోనీ పంపితే? సభలో చప్పట్లు, నాయనమ్మకు సంతోషం, పాస్టరుగారికి తృప్తి. వాడికి మాత్రం ఒక పాఠం తలకెక్కుతుంది: నేను భయపడితే అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత ‘అమ్మా, నాకు భయమేస్తోంది’ అని నిజంగా చెప్పుకోవడానికి వాడికి చోటు ఉండదు. మైకు ముందు చెప్పిన కథే వాడి కథ అయిపోతుంది. నాకైతే ఇది రెండిట్లో పెద్ద నష్టంగా కనిపిస్తోంది.

మధ్యలో ఇంకో దారి ఉంది. మీరు, మీవారు కలిసి వెళ్లి పాస్టరుగారితో విడిగా మాట్లాడండి. అందరి ముందూ వద్దు. మీవారే మొదలుపెడితే మేలు. “అయ్యగారూ, వాడు రాత్రిళ్లు లేస్తున్నాడు, ఇప్పుడు మైకు వద్దు. సండే స్కూల్ పిల్లలతో కలిసి పాట పాడతాడు” అనండి. పక్క తడుపుతున్నాడని చెప్పాల్సిన పని లేదు, అది వాడి పరువు. ఒక్కడే నిలబడటం తప్పుతుంది, సభకి వెళ్లిన సంతోషం నాయనమ్మకు దక్కుతుంది. మంచి పాస్టరైతే ఒప్పుకుంటారు. ఒప్పుకోకుండా ఒత్తిడి చేస్తే ఆ మే నెల సభల రోజుల్లో మీవాణ్ణి పాతపట్నం తీసుకెళ్లి నాలుగు రోజులు ఉండొచ్చు. అది అబద్ధం చెప్పినట్టవుతుందని మీకు అనిపిస్తే, ఆ అనిపించడాన్నీ లెక్కలోకి తీసుకోండి. ఇంకో మాట, మీ పుట్టింటి సంగతి మీరు రాశారు, మీ నాన్నగారు ఇప్పుడు ఉన్నారో లేరో రాయలేదు. ఆ గడప మీకు తేలికో బరువో మీకే తెలుసు.

మాట్లాడటానికి వెళ్లినప్పుడే, వచ్చే ఏడాది సినిమా వేస్తే పిల్లలకు వేరే గదిలో కథ చెప్పించమని కూడా అడగండి. నా పిల్లాడొక్కడి కోసం అంటే కోపం వస్తుంది, పిల్లలందరి కోసం అంటే రాదు. ఆ రాత్రి చాపల మీద కూర్చున్న మిగతా పిల్లల అమ్మల్ని కదిపి చూడండి. దుప్పట్లు ఉతుకుతున్నది మీరొక్కరే అయి ఉండరు.

అత్తయ్యతో మాత్రం వాదించకండి. ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, ఆ సినిమాలో ఏ చోట బాగా ఏడుపొచ్చిందత్తయ్యా అని అడగండి. మామయ్య మాట వస్తుందనుకుంటున్నాను. వస్తే విని ఊరుకోండి. మీ బెల్టు సంగతి ఆ రోజే చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు.

మీవాడు ఆ లూకా అధ్యాయం మొత్తం వెతికాక ఏమన్నాడో, మునగచెట్టు కిందికి వెళ్తున్నాడో లేదో ఒక కార్డు ముక్క రాయండి.